స్వర్గం తెరలో ఆకుపచ్చ చీర

"నాకు మతి పోతున్నదా, లేకపోతే ఎవరన్న చీర మార్చిండ్రా? ఈ ఒక్క ముచ్చట తేల్చి చెప్పుండ్రి సార్. ఇంకేం అడగను" అంది పద్మారాణి.

సూరత్‌లో కరోనా రెండో వేవ్ తగ్గి, జనం మళ్లీ ఒకరి మొహాలు ఒకరు సగం సగమే చూసుకుంటున్న ఆగస్టు నెల అది. డిటెక్టివ్ ధర్మరాజు ఆల్థాన్‌లో తన ఇంటి ముందుగదినే ఆఫీసు చేసుకున్నాడు. వచ్చినవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, తాను రెండు మాస్కులు కట్టుకుని గదికి అటు చివర కూర్చునేవాడు. రైల్వేలో ఉన్నన్నాళ్లూ దారిలో మాయమైన పార్సిళ్ల జాడ తీయడం ఆయన ఉద్యోగం. దొంగలకు ఏనాడూ భయపడని మనిషి, ఎవరైనా తుమ్మితే మాత్రం వణికిపోయేవాడు. ఆయన సహాయకురాలు సాయిప్రియకు ఆ వణుకులో కూడా ఏదో తెలివి కనిపించేది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన ఆ అమ్మాయికి ఆయన ఏం చేసినా గొప్పే. ఆ అభిప్రాయాన్ని సరిదిద్దాలన్న తొందర ఆయనకూ లేదు.

"మొదటినుంచీ చెప్పండమ్మా" అన్నాడు ధర్మరాజు.

పద్మారాణి టెక్స్‌టైల్ మార్కెట్లో చీరల డిజైన్లు గీసే ఆర్టిస్టు. నలభై దాటిన మనిషి. మాట్లాడుతున్నంతసేపూ కొంగు చివరను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. ఆమె చెప్పింది ఇది. శ్రావణంలో వచ్చే నూలు పున్నమికి పర్వత్ పాటియాలోని సంఘం హాల్లో 'తొలివస్త్రం' అనే పాత పద్యనాటకం ఆడబోతున్నారు. బట్ట అన్నదే లేని లోకంలో ఒక ఋషి తామర తూళ్ల నుంచి నూలు తీసి, దేవతలకు మొట్టమొదటి వస్త్రం నేసి ఇచ్చిన కథ. తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ మగ్గాలు నడుపుతున్న కుటుంబాలు తాతల నాటినుంచీ ఆడుతున్నదే. లాక్‌డౌన్లో హాలు మూసి ఉన్నప్పుడు పాత రంగుల తెరలను ఎలుకలు కొట్టేశాయి. కొత్త సెట్టింగులు, వేషాలు తయారుచేసే పని కమిటీ ఆమెకు అప్పగించింది.

"నేను బొమ్మల తెర గియ్యలే సార్. ఇంటింటికి తిరిగి ఒక్కొక్క పాత చీర అడిగిన. కట్టి కట్టి మెత్తబడ్డ చీరలు. కత్తెర పెట్టకుంట మడతలు వేసి, పక్కపక్కన కుట్టి స్వర్గం తెర చేసిన. ఎనకనుంచి లైటు పెడితే పాత బట్టలకెల్లి వెలుగు దిగుతది. దేవతలకు వస్త్రం అందే సీనుల మన ఆడోళ్ల చీరలన్ని వెలుగుతుండాలె. గదీ నా డిజైను."

"వాహ్" అంది సాయిప్రియ, అడక్కుండానే.

"మంగళవారం లైటు పెట్టి చూసినం. అన్ని వెలిగినయి. పై వరుసల ఒక్క ఆకుపచ్చ చీర మాత్రం వెలగలే. మొద్దు లెక్క నల్లగ నిలవడ్డది. అంతకుముందు వారం అన్నిట్లకంటె మంచిగ వెలిగింది అదే సార్. నాకు యాది ఉన్నది. చీర ఎవరో మార్చిండ్రని చెప్పిన. నా ఫోనుల పాత ఫోటో తీసి చూసిండ్రు. ఆకుపచ్చ మీద పసుపుపచ్చ మామిడి పిందెలు. తెర మీద సుత అదే ఆకుపచ్చ, అవే పిందెలు. అందరు నవ్విండ్రు."

"నవ్వితే నవ్వారు. మతి పోయిందని మీకెందుకు అనిపించింది?"

"ఏప్రిల్ల నాకు కరోనా వచ్చింది. తగ్గినంక వాసన పోయింది. పేర్లు యాదికి రావు. పప్పుల ఉప్పు రెండుసార్లు వేస్త. ఒక దినం హాలు తాళం ఏసుడు మర్చిపోయిన. నా చేతులతోని కుట్టిన చీరనే గుర్తుపట్టకపోతే రేపు డిజైన్లు ఎట్ల గీస్త? నా బతుకే గది. నాటకానికి ఇంక వారం సుత లేదు. తెర విప్పేసి, పనికెల్లి నన్ను తీసేస్తమంటున్నరు."

"ఆ ఆకుపచ్చ చీర ఎవరిచ్చారు?"

"బాలవ్వ. మా నాటకంల ఋషి వేషం కట్టే సుమన్ వాళ్ల అవ్వ. చీర ఆమె బిడ్డ సంధ్యారాణిది. ముంబై దగ్గర భీవండిల ఉంటది. పోయిన పండుగకు వచ్చినప్పుడు ఇక్కడ విడిచిపోయిందట."

ధర్మరాజు కళ్లద్దాల మీద మాస్కు ఆవిరి తుడుచుకున్నాడు. పార్సిళ్ల దొంగలను జీవితమంతా చూశాడు. సరుకు తీసి రాళ్లు నింపినవాడు తెలుసు. పాత సరుకు తీసి అచ్చు అలాంటి కొత్త సరుకే పెట్టిపోయిన దొంగ ఇంతవరకూ తగల్లేదు. ఆ మాటే పైకి అన్నాడు.

"అంటే నన్ను నమ్ముతున్నరా సార్?"

"చూశాక చెబుతాను" అన్నాడు ఆయన. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం ఆయనకు చేతకాదు.

*

హాల్లో స్టేజి మీద ఆ తెర వేలాడుతోంది. కిందినుంచి పైకి మట్టిరంగులు, ఎరుపులు, పసుపులు, ఆకుపచ్చలు, అన్నిటికన్నా పైన నీలాలు. పక్క గోడకు వేషాలు తగిలించి ఉన్నాయి. ఋషికి రంగు వేయని ముతక బట్ట. రాక్షసులకు కళ్లు జిగేలుమనే మిల్లు శాటిన్. ఖాళీ దారపు బాబిన్లు గుచ్చి చేసిన దేవతల కిరీటాలు. మతి చెడిన మనిషి చేసే పని కాదు ఇది అని సాయిప్రియ అప్పుడే తేల్చేసింది. ధర్మరాజు తేల్చలేదు.

"నిచ్చెన తెప్పించమ్మా" అన్నాడు.

నిచ్చెన ఎక్కి, ఆకుపచ్చ చీరను వేళ్లతో నలిపాడు. పక్క చీరను నలిపాడు. తరవాత ఎవరూ ఊహించని సాహసం చేశాడు. మాస్కులు రెండూ కిందికి లాగి చీరకు ముక్కు ఆనించాడు. కింద నిలబడ్డ సాయిప్రియ సంచిలోంచి శానిటైజర్ సీసా తీసి సిద్ధంగా పట్టుకుంది.

"మిల్లు గంజి వాసన" అన్నాడు దిగకుండానే. "ఒక్కసారి కూడా ఉతకని చీర. పద్మారాణిగారికి వాసన తెలియదు, మిగతావాళ్లు మాస్కులు కట్టుకుని కింద నిలబడి చూశారు. అందుకే ఎవరికీ పట్టుబడలేదు."

మడత లోపలి అంచు రెండు కుట్లు విప్పి చూశాడు. మూల మీద వేలి గుర్తంత పసుపు మరక ఉంది.

"అమ్మా, పాత చీరలకు మీరేమైనా పసుపు పెట్టారా?"

"పాతవాటికి ఎందుకు పెడతం సార్? కొత్త బట్ట కట్టేముందు కదా, మూలకు పసుపు పెట్టేది" అంది పద్మారాణి. అని, ఆమె మొహం ఒక్కసారి వెలిగింది. "అంటే కొత్తదే. చీర మారింది. నేను చెప్పిందే నిజం."

అప్పటికి హాల్లోకి వచ్చి నిలబడ్డ కమిటీ పెద్ద రాజనర్సు గొంతు సవరించుకున్నాడు. మార్కెట్లో చీరల దుకాణం ఉన్న మనిషి, అరవై దాటాయి.

"కొత్తదే కావచ్చు. ఎవరు మార్చినట్టు? హాలు తాళం చెవులు నలుగురి దగ్గరున్నయి. నేను, పద్మ, సుమన్, లైట్లు చూసే శ్రీహర్ష. పద్మనే పాతది ఖరాబైందని కొత్తది తెచ్చి కుట్టి, మర్చిపోయి ఉంటది. తాళం మర్చిపోలేదా, గట్లనే."

పద్మారాణి మొహంలో వెలుగు వచ్చినంత తొందరగానే పోయింది. స్టేజి అంచున కూర్చుండిపోయి, "ఒకవేళ నేనే మార్చిన్నా సార్?" అంది చిన్నగా. ఆమె అడిగిన తీరు చూస్తే సాయిప్రియకు ఏడుపొచ్చింది. చీర మారిందని రుజువైతే చాలుననుకున్నారు, ఇప్పుడు ఆ రుజువే ఆమె మీదికి తిరిగింది.

ధర్మరాజు రాజనర్సును పక్కకు పిలిచాడు. "ఈ చీర మీ దుకాణంలో దొరుకుతుందా?"

"ఏడ దొరుకుతది? మూడు నాలుగు సీజన్ల కిందటి డిజైను. మార్కెట్ల పాత డిజైన్ ఎవరుంచుకుంటరు? ప్రింటు చేసిన మిల్లుల సాంపుల్ పీసు ఉంటే ఉండాలె, అంతే."

"ఈ తెర అంటే మీకు ఇష్టం లేదని విన్నాను."

"తెర మంచిగనే ఉన్నది. దాపరికమెందుకు. కాని పోయినోళ్ల చీరలు గూడ ఇచ్చిండ్రు సార్, కొందరు. ఈ ఏడు ఎంతమంది పోయిండ్రో మీకు తెల్వదా? దేవుని ఆటల పోయినోళ్ల బట్టలు ఎట్ల పెడతం? ఆదివారం మీటింగుల అందరి ముందట చెప్పిన, ఎవరివి వాళ్లు విప్పుకపోండ్రి అని. మా వదినె చీరనే ముందుగాల విప్పించిన. కనకవ్వ ఇంటోళ్లు, బక్కయ్య ఇంటోళ్లు ఏడ్చుకుంట విప్పుకపోయిండ్రు. నాకు మాత్రం బాధ లేదా?"

శ్రీహర్ష బ్యాంకు ఆఫీసరు కొడుకు, చదువుకున్న కుర్రాడు. అతని దగ్గర దాపరికం అసలే లేదు.

"నేను మొదటినుంచీ ఎల్‌ఈడీ స్క్రీన్ పెడదామనే అంటున్నానంకుల్. ఈ పాత చీరలేమిటి? ఆంటీకి కోవిడ్ తరవాత కన్‌ఫ్యూజన్ ఎక్కువైంది, పాపం."

"లైటు పెట్టినప్పుడు ఆ చీర వెలగకపోవడం నువ్వు చూశావా?"

"చూశాను. బల్బు యాంగిల్ తేడా అనుకున్నాను."

బయటికి వచ్చాక సాయిప్రియ ఆగలేకపోయింది. "వీడే సర్. తెర ఫెయిలవ్వాలి, స్క్రీన్ రావాలి. మోటివ్ బరాబర్ ఛే" అంది, ఉద్రేకంలో గుజరాతీలోకి జారిపోతూ.

"తెర చెడగొట్టాలనుకున్నవాడు చింపుతాడు, సిరా పోస్తాడు. అదే డిజైన్ వెతికి తెచ్చి, పసుపు పెట్టి కుడతాడా?" అన్నాడు ధర్మరాజు.

"మరి ఎవరు సర్?"

"తెలియదు" అన్నాడాయన. గురువుగారి నోట ఆ మాట వినడం సాయిప్రియకు కొత్త.

*

బాలవ్వ ఇల్లు హాలుకు రెండు గల్లీల అవతల. మగ్గాల మధ్య బతుకంతా గడిపిన ఆ ముసలామెకు ఆ చప్పుడుకే చెవులు పోయాయి. గుమ్మంలో నిలబడి ధర్మరాజు అడిగింది ఆమెకు ఒక్క ముక్క వినిపించలేదు.

"మూతి మీది గుడ్డ తీసి మాట్లాడు బిడ్డా. పెదవులు చూస్తెనే నాకు సమజైతది. ఈ మాస్కులొచ్చినంక నాకు లోకమే మూగదైంది."

ధర్మరాజు నాలుగడుగులు వెనక్కి జరిగి, దేవుడి మీద భారం వేసి మాస్కులు దించాడు. ఆకుపచ్చ చీర ఎక్కడిదని అడిగాడు.

"మా సంధ్యది. సుమన్ పనిచేసే మిల్లుల అచ్చయిన చీర. మొదటి పీసు అక్కకే అని పట్టుకొచ్చిండు. కట్టి కట్టి ఎంత మెత్తగైందో. పద్మకు నేనే ఇచ్చిన, పైవరుసల పెట్టు అని చెప్పిన."

"మీ అమ్మాయి భీవండి నుంచి రాదా, నాటకానికి?"

"కరోనా కదా బిడ్డా" అంది బాలవ్వ. "ఫోన్ల మాట్లాడ్తది. నాకు వినవడది, సుమనే మాట్లాడి చెప్తడు."

అంతలో సుమన్ డ్యూటీ దిగి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, పెళ్లి కాలేదు. ఋషి వేషానికి పెంచిన గడ్డం మాస్కు కిందినుంచి కనిపిస్తోంది. డిటెక్టివు అని తెలియగానే కుర్చీ వేశాడు, చాయ్ పెడతానన్నాడు. పద్మక్కకు పాపం బాగా కష్టమైందన్నాడు.

"అక్కకు ఫోన్ చేసినవా? చీర స్వర్గం తెరల పెట్టిండ్రని చెప్పు" అంది తల్లి.

సుమన్ జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు. గుమ్మం అవతలికి తిరిగి, "అక్కా, మంచిగున్నవా? అవ్వ యాది చేస్తున్నది" అని కాసేపు మాట్లాడి, ఫోన్ జేబులో వేసుకున్నాడు. మాస్కు దించి తల్లి వైపు తిరిగి, "మంచిగున్నదట. నాటకం వీడియో పంపమన్నది" అన్నాడు. బాలవ్వ తలూపింది. ధర్మరాజు చాయ్ వద్దని లేచాడు.

ఇంటికి చేరాక కల్యాణ్‌లో ఉన్న తన పాత రైల్వే స్నేహితుడికి ఫోన్ చేసి, భీవండిలో ఒక విషయం కనుక్కోమన్నాడు. ఏ విషయమో సాయిప్రియకు చెప్పలేదు. మర్నాడు జవాబు వచ్చింది. అది విన్నాక ఆయన చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

"సర్, కేసు అయిపోయిందా?" అంది సాయిప్రియ.

"అయిపోయింది. చెప్పడమే ఎలాగో తెలియడం లేదు."

*

శుక్రవారం సాయంత్రం కమిటీ వాళ్లను, తాళాలున్న నలుగురినీ హాల్లో కూర్చోబెట్టారు. బాలవ్వను ధర్మరాజు పిలవలేదు. పిలవకపోయినా ఆమె వచ్చింది. దేవతల కిరీటాలకు దారాలు గుచ్చే పని ఆమెది, అందరికన్నా ముందే వచ్చి ఒక మూల కూర్చుని గుచ్చుకుంటోంది. ఆమెను చూడగానే ధర్మరాజు చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పండి సార్" అన్నాడు రాజనర్సు.

"చీర మారింది. మార్చింది పద్మారాణిగారు కాదు. ఆమె మతి నా మతికన్నా బాగుంది. నా మాట నమ్మి ఇంతటితో వదిలేయండి."

"గట్లెట్ల వదిలేస్తం? మార్చిందెవరో చెప్పకుంటె అందరి మీద అనుమానమే కదా. పద్మ మీద ఎక్కువ."

ధర్మరాజు పద్మారాణి వైపు చూశాడు. ఆమె వేలికి కొంగు చుట్టుకుంటూ ఆయన వైపే చూస్తోంది. మూలన ముసలామె దారం గుచ్చుతోంది. ఒకరిని నిలబెడితే రెండోవారు కూలిపోతారు. పార్సిళ్ల ఉద్యోగంలో ఇలాంటి చిక్కు ఆయనకు ఏనాడూ రాలేదు.

అప్పుడు సుమన్ మాట్లాడాడు. "మా అవ్వ ఉన్నదని ఆగుతున్నరా సార్? చెప్పుండ్రి. ఆమెకు వినవడది. అందరి మూతులకు మాస్కులున్నయి, పెదవులు చూసెటందుకు లేదు. పద్మక్క అట్ల కూసుంటే నేను చూడలేకపోతున్న."

హాలంతా అతని వైపు తిరిగింది. ధర్మరాజు గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"మారిన చీరకు మూల మీద పసుపు ఉంది. కొత్త బట్టకు పసుపు పెట్టేది శుభం కోరేవాళ్లు. కాబట్టి ఇది చెడుబుద్ధితో చేసిన పని కాదు. శ్రీహర్షకు తెర మీద కోపం ఉంది, కానీ కోపం ఉన్నవాడు పసుపు పెట్టడు. రాజనర్సుగారికి పోయినవాళ్ల చీరల మీద అభ్యంతరం ఉంది, కానీ ఆయన తన వదినగారి చీరనే పదిమందిలో విప్పించారు. ఆయనకు దొంగతనంగా మార్చే అవసరమేమిటి? ఇక ఈ డిజైన్ మార్కెట్లో లేదు. మిల్లు సాంపుల్‌గా మాత్రమే దొరుకుతుంది. ఆ మిల్లు సుమన్ పనిచేసే మిల్లు. ఆ సంగతి అతని తల్లే నాకు చెప్పింది."

"సుమన్ ఎందుకు మారుస్తడు? వాళ్ల చీరనే కదా. కావాలంటే అడిగి తీసుకపోవచ్చు" అన్నాడు రాజనర్సు.

"అక్కడే నాకు రెండు రోజులు బుర్ర తిరిగింది. ఆదివారం మీరొక మాట చెప్పారు, పోయినవాళ్ల చీరలు విప్పుకుపొమ్మని. ఇంట్లో చావు అందరికీ తెలిసినవాళ్లు వచ్చి అందరి ముందే విప్పుకుపోయారు. మంగళవారానికి ఒక్క చీర మాత్రం దొంగచాటుగా మారింది. అంటే ఆ ఇంట్లో చావు ఎవరికీ తెలియదు. మీ నియమాన్ని కాదనలేక, పైకి చెప్పుకోలేక, ఒకడు ఆ పని చేశాడు. మొన్న నా ఎదుటే సుమన్ అక్కతో ఫోన్లో మాట్లాడాడు. జేబులోంచి తీసిన ఫోన్ నేరుగా చెవి దగ్గరికి వెళ్లింది. నంబరు నొక్కలేదు."

సుమన్ తల వంచుకున్నాడు.

"సంధ్యారాణి ఏప్రిల్లో పోయింది. కల్యాణ్‌లో ఉన్న నా స్నేహితుడు భీవండి వెళ్లి కనుక్కున్నాడు."

పద్మారాణి లేచి నిలబడి, మళ్లీ కూర్చుంది. తన మతి చెడలేదని తెలిసిన క్షణమది. మంగళవారం నుంచీ ఆ మాట కోసమే చచ్చిపోయింది. ఇప్పుడు దాన్ని తీసుకోవడానికి ఆమెకు చేతులు రాలేదు.

"బావ సుత దవాఖాన్లనే ఉండె" అన్నాడు సుమన్. "నాకు ఫోన్ వచ్చేసరికి అంత అయిపోయింది, కార్పొరేషన్ వాళ్లే కాల్చిండ్రు. అవ్వకు గుండె మంచిగ లేదు, చెప్తె ఉంటదో పోతదో అని చెప్పలే. రాజనర్సు కాక ఆదివారం ఆ మాట చెప్పిండు. అందరి ముందట చీర విప్పితే అవ్వకు తెలుస్తది. విప్పకుంటె దేవుని ఆటకు దోషమైతది. అందుకే మిల్లుల సాంపుల్ అడిగి తెచ్చి, తెల్లారి ప్రాక్టీసుకు ముందుగాల వచ్చి కుట్టిన. లైటు పెడితే తేడా తెలుస్తదని నాకు తట్టలే. బట్టను ముందునుంచే చూసుడు మా పని. పద్మక్కను అంత మంది అన్ని మాటలంటుంటె నోరు మూసుకున్న. తప్పయింది అక్కా."

"నాకేం కాలే తమ్మీ" అంది పద్మారాణి. "నేనే మార్చిన్ననుకోనీ బయటోళ్లను. ఈ ముచ్చట ఈడనే ఉండనీ. అవ్వకు తెల్వద్దు." ఆమె నిజంగానే ఆ మాట అంది. తన బతుకే అని చెప్పుకున్న పేరును, ఒక్క ఊపులో వదిలేయడానికి సిద్ధపడింది.

ఆ పక్కన బాలవ్వ చేతిలో కిరీటం కింద పెట్టింది. మెల్లగా లేచి, స్టేజి ఎక్కి, తెర దగ్గరికి వెళ్లింది. తలెత్తి పైవరుసలోని ఆకుపచ్చ చీరను చూస్తూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"పద్మా, నీ మతి మంచిగనే ఉన్నది బిడ్డా. ఇది నా బిడ్డ చీర కాదు. మంగళవారమే చూసిన. నిన్ను అందరు పిస్సదాని లెక్క చూసి నవ్వుతుంటె సప్పుడు చెయ్యకుంట కూసున్న. నా కొడుకు బయటపడతడని. నన్ను మాఫ్ చెయ్యి."

సుమన్ పరుగున స్టేజి ఎక్కాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"ఆ ఫోన్ల దీపమన్న వెలగకముందే మాట్లాడ్తవ్ కదరా. చెవులు పోయినయి గాని కండ్లు పోలే నాకు. ఎండకాలం నుంచి చూస్తున్న. నువ్వు ఆగమైతవని నేను అడగలే. నా బిడ్డను కడసారి సుత చూడకపోతి. మంది నడుమ ఒక్కపారి నిలవడనీ అని చీర ఇచ్చిన. పైవరుసల పెట్టమన్నది గందుకే."

రాజనర్సు కూర్చున్నచోటనే మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. నియమం పెట్టింది ఆయన. ఆయనను తప్పు పట్టే మాట ఆ హాల్లో ఎవరూ అనలేదు, అనవలసిన పని కూడా లేకపోయింది.

బాలవ్వ చేయి చాచి కొడుకు మాస్కు కిందికి లాగింది. "ఇగ చెప్పు. పోయేటప్పుడు దగ్గర ఎవరన్న ఉన్నరా?"

సుమన్ పెదవులు కదిలాయి. నాలుగు నెలలుగా ఆ తల్లి అడిగిన ప్రతిదానికీ అతని దగ్గర ఒక తియ్యటి జవాబు ఉంది. ఈసారి లేదు.

"ఎవ్వరు లేరవ్వా" అన్నాడు.

బాలవ్వ ఆ పెదవులనే కొంతసేపు చూసింది. తరవాత స్టేజి మీద కూలబడి, బిడ్డ పేరు పెట్టి గొంతెత్తి ఏడ్చింది. ఏప్రిల్లో ఏడవవలసిన ఏడుపు అది. పద్మారాణి వెళ్లి ఆమెను ఒళ్లోకి తీసుకుంది. గల్లీలోంచి ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చి, ఎవరు పోయారని అడగకుండానే చుట్టూ కూర్చున్నారు.

"వెళ్దామా సర్?" అంది సాయిప్రియ, కళ్లు తుడుచుకుంటూ. కేసు చెప్పేశాక అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడని మనిషి ఆయన.

ధర్మరాజు కుర్చీ ఒకటి లాక్కుని, ఆ జనం పక్కనే కూర్చున్నాడు. "చావు ఇంట్లోంచి మధ్యలో లేచిపోకూడదమ్మా" అన్నాడు.